నల్ల ట్యాంకుకు ఎపాక్సీ అంటుకోదు

సంపాదకుడు గారికి,

విజయవాడ మేడల మీద పగిలిన నల్ల నీళ్ల ట్యాంకులకు ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద మెత్తి డబ్బులు తీసుకుంటున్నారు. ఆ ట్యాంకులు పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌వి. మైనంలాంటి ఆ గోడను జిగురు పట్టుకోదు. నాలుగు ఎండలు తగిలితే పెచ్చులా ఊడుతుంది. చీలిక పాకకుండా ముందు దాని రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేసి, గరుకు కాగితంతో గీరి, పాలిథిలీన్ కడ్డీతోనే వేడిగాలి వెల్డింగ్ చేయాలి.

ఫైబర్ ట్యాంకుది వేరే జాతి: పాలియెస్టర్ రెజిన్ (గట్టిపడే చిక్కటి ద్రవం)లో గాజు నార. దానికి గాజు మ్యాటు, రెజిన్ చాలు. 100 గ్రాముల రెజిన్‌కు దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 1 నుంచి 2 గ్రాములు. మన మే ఎండలకు 1 చాలు, ఎక్కువైతే డబ్బాలోనే గడ్డకడుతుంది. గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్ ద్రావణాన్ని ముందుగా రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. కోబాల్ట్, హార్డెనర్ నేరుగా కలిస్తే పేలతాయి.

— ప్లాస్టిక్ వెల్డింగ్ పనివారు, ఆటోనగర్, విజయవాడ