లోపల ఎంత, మధ్య ఎంత: మెదడు నెట్‌వర్కుల కొలత గురించి మిత్రుడికి ఉత్తరం

ప్రియమైన సుధాకర్,

నీ ఉత్తరం అందింది. వయసు పైబడినవారి మెదడులో నెట్‌వర్కుల (కలిసి పనిచేసే ప్రాంతాల గుంపుల) లోపలి కనెక్టివిటీ తగ్గి, నెట్‌వర్కుల మధ్య కనెక్టివిటీ పెరుగుతుందని చెప్పే ఆ వ్యాసం చదివి, ఇంతకీ ఆ అంకెలు ఎక్కడ పుడతాయని అడిగావు. జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టు. ఆ అంకె చేతికి వచ్చేలోగా పరిశోధకులు చేసుకునే ఎంపికలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని, నిజానికి మెదడులో ఏ మార్పూ లేకపోయినా, సరిగ్గా నువ్వు చదివిన ఫలితాన్నే పుట్టించగలవు.

ఆ అంకెలకు మూలమైన ఎఫ్ఎంఆర్ఐ (మెదడు చురుకుదనాన్ని చూపే స్కానింగ్) యంత్రం నాడీకణాల పనిని నేరుగా చూడదు. రక్తంలో ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్‌కూ దాన్ని వదిలేసిన హీమోగ్లోబిన్‌కూ అయస్కాంత గుణంలో ఉన్న తేడాను అది పట్టుకుంటుంది. నాడీకణాలు చురుకైన ఐదారు సెకన్లకు గాని ఆ సంకేతం శిఖరానికి చేరదు కనుక, మనకు దొరికేది చాలా నెమ్మదైన అలలు మాత్రమే. 1995లో భరత్ బిస్వాల్ బృందం, ఏ పనీ చేయకుండా స్కానర్‌లో పడుకున్నవారిలో కుడి ఎడమ మోటార్ కార్టెక్సుల (శరీర కదలికలను నడిపే ప్రాంతాల) సంకేతాలు 0.1 హెర్ట్జ్ కంటే తక్కువ వేగంతో, అంటే పది సెకన్లకు ఒక అల కంటే నెమ్మదిగా, కలిసి పెరుగుతూ కలిసి తగ్గుతున్నాయని చూపింది. ఇదంతా ఊపిరి, గుండె చప్పుళ్ల గోల తప్ప మరేమీ కాదని చాలామంది అప్పట్లో కొట్టిపారేశారు. ఆ అనుమానం పూర్తిగా తప్పూ కాదు, దాని సంగతి తరువాత చెబుతాను.

ఫంక్షనల్ కనెక్టివిటీ అంటే ఆ కలిసి కదలడమే: రెండు ప్రాంతాల సంకేతాల మధ్య సహసంబంధ గుణకం, అంటే అవి ఎంతగా కలిసి కదులుతాయో -1 నుంచి 1 వరకు చెప్పే అంకె. వాటిని నేరుగా కలిపే నాడీ తంతువులు ఉన్నాయని దీని అర్థం కాదు. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కల్లోసం పుట్టుకతోనే లేనివారిలో కూడా రెండు వైపులా విస్తరించిన నెట్‌వర్కులు చాలావరకు మామూలుగానే కనిపించాయని 2011లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

ఇక లెక్కకు వద్దాం. కార్టెక్స్‌ను (మెదడు పైపొరను) 400 ముక్కలుగా విభజించామనుకో. ప్రతి ముక్కకూ సగటు సంకేతం తీసి, జతజతగా పోలిస్తే 79,800 సహసంబంధాలు వస్తాయి. ఆ ముక్కలను 2011లో థామస్ యో బృందం ప్రకటించిన 7 నెట్‌వర్కుల కింద సర్దితే, ఆ కొండంత పట్టిక 28 అంకెలకు కుదించుకుపోతుంది: లోపలివి 7, మధ్యవి 21. ఒక నెట్‌వర్కులోని ముక్కల జతలన్నిటి సగటు లోపలి కనెక్టివిటీ. ఒక కొస ఇందులో, మరో కొస అందులో ఉన్న జతల సగటు మధ్య కనెక్టివిటీ. సగటు తీసే ముందు ప్రతి గుణకాన్నీ ఫిషర్ జెడ్‌గా (కొలబద్దను సాగదీసే ఒక గణిత రూపంలోకి) మార్చడం ఆనవాయితీ, ఎందుకంటే గుణకం 1కి దగ్గరయ్యేకొద్దీ దాని కొలబద్ద ఇరుకవుతుంది. 0.2, 0.9లను నేరుగా సగటు చేస్తే 0.55 వస్తుంది, జెడ్‌గా మార్చి సగటు తీసి వెనక్కి తెస్తే సుమారు 0.68 వస్తుంది. అందుకే రెండు వ్యాసాల అంకెలను పక్కపక్కన పెట్టే ముందు ఈ ఒక్క మెట్టు సరిచూసుకోవడం మంచిది.

చాలామంది ఈ రెండు రకాల అంకెలనూ ఒక్కటిగా కలిపేస్తారు: లోపలి సగటు నుంచి మధ్య సగటును తీసివేసి, ఫలితాన్ని లోపలి సగటుతో భాగిస్తారు. నెట్‌వర్కులు ఎంత వేరువేరుగా నిలబడ్డాయో చెప్పే ఈ కొలతతోనే 2014లో మైకేలా చాన్ బృందం 20 నుంచి 89 ఏళ్ల వయసువారిని పోల్చి, వయసుతో పాటు ఆ వేర్పాటు తగ్గుతుందని చూపింది. కొలత అందంగానే ఉంది, కానీ నాకు దానిమీద ఒక ఫిర్యాదు ఉంది. లోపల 0.40, మధ్య 0.10 ఉంటే 0.75 వస్తుంది. రెండూ సగానికి పడిపోయి 0.20, 0.05 అయినా 0.75 వస్తుంది! అంత పెద్ద మార్పును మింగేసి ఏమీ ఎరగనట్టు కూర్చునే అంకెను ఒంటరిగా నమ్మలేం; లోపలి, మధ్య సగటులను కూడా విడిగా చూపమని అడగాలి.

ఇప్పుడు అసలు చిక్కు. తల కదలిక అర మిల్లీమీటరు లోపే ఉన్నా ఈ కొలత చెడుతుంది. 2012లో జొనాథన్ పవర్ బృందంతో పాటు మరో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి బయటపెట్టాయి: చిన్న చిన్న కదలికలు దగ్గరి ప్రాంతాల మధ్య సహసంబంధాన్ని పెంచి, దూరపు ప్రాంతాల మధ్య తగ్గించగలవు. డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్కును (ఏ పనీ లేక ఊరకే ఉన్నప్పుడు చురుగ్గా ఉండేదాన్ని) తీసుకో. దాని ఒక భాగం నుదుటి వెనక, మరొకటి తల వెనుక వైపు ఉంటాయి. అంటే దాని లోపలి జతల్లో చాలా వాటికి దూరం ఎక్కువ. మరోవైపు, వేరువేరు నెట్‌వర్కులకు చెందినా సరిహద్దుకు అటూ ఇటూ ఆనుకుని ఉన్న ముక్కల మధ్య దూరం చాలా తక్కువ. కదలిక పెరిగితే ఆ నెట్‌వర్కు లోపలి సగటు దిగి, అలాంటి ఇరుగుపొరుగు జతల సహసంబంధం ఎక్కుతుంది. స్కానర్‌లో యువకుల కంటే పెద్దవయసువారు ఎక్కువగా కదులుతారన్న సంగతి కూడా కలుపుకుంటే, నువ్వు చదివిన వ్యాసం చెప్పిన ఫలితానికి ముసలితనం అక్కర్లేదు, మెడ కాస్త అలసిపోతే చాలు.

సరిహద్దులదీ ఇలాంటి కథే. యో పటం 18 నుంచి 35 ఏళ్ల 1000 మంది యువకుల సగటుతో తయారైంది. ఒక్కొక్కరిని గంటల తరబడి స్కాన్ చేసిన అధ్యయనాలు వ్యక్తికీ వ్యక్తికీ సరిహద్దులు గణనీయంగా జరుగుతాయని చూపాయి. యువకుల పటాన్ని, వయసుతో కుంచించుకుపోయిన మెదడు మీద పరిస్తే కొన్ని ముక్కలు పొరుగు నెట్‌వర్కు సంకేతాన్ని కలుపుకుంటాయి. అప్పుడు కూడా లోపలిది తగ్గినట్టు, మధ్యది పెరిగినట్టు కనిపిస్తుంది. పైగా, 2014లో ఎంజో తాల్యజుచ్చి, హెల్మట్ లాఫ్స్ చూపినట్టు, విశ్రాంతి స్కాన్ మొదలైన మూడు నిమిషాల్లోపే సుమారు మూడింట ఒక వంతు మంది మేలుకువ కోల్పోతారు. నిద్ర, మేలుకువల తేడా నెట్‌వర్కుల పొందికను మారుస్తుంది, దాన్ని చాలా వ్యాసాలు లెక్కలోకే తీసుకోవు.

ముందు వాయిదా వేసిన ఊపిరి, గుండెల గోలను తీసేయడానికి కొందరు మెదడంతటి సగటు సంకేతాన్ని ప్రతి ముక్క నుంచీ తొలగిస్తారు. కదలిక ప్రభావాన్ని తగ్గించడంలో అది బాగానే పనిచేస్తుంది. అయితే సగటును తీసేశాక కొన్ని సహసంబంధాలు గణితరీత్యా రుణాత్మకం కాక తప్పదని 2009లో కెవిన్ మర్ఫీ బృందం నిరూపించింది. మధ్య సగటు సున్నా కిందికి దిగితే, పైన చెప్పిన నిష్పత్తి 1ని దాటిపోయి అర్థం కోల్పోతుంది. అందుకే కొందరు రుణాత్మక విలువలను సున్నా చేసేస్తారు. అది కూడా ఒక ఎంపికే, దాన్ని చేసినవాళ్లు ఆ మాట స్పష్టంగా రాయాలి.

వయసుతో నెట్‌వర్కుల వేర్పాటు తగ్గుతుందన్న మాటను నేను కాదనను. వేరువేరు బృందాలకు వేరువేరు పద్ధతుల్లో అది దొరికింది. నా సందేహమంతా ఆ తగ్గుదల పరిమాణం మీదే. కనుక ఆ వ్యాసాన్ని మళ్లీ తెరిచి, అనుబంధ పట్టికల్లో రెండు వయోవర్గాల సగటు తల కదలిక ఇచ్చారేమో చూడు. కదలికలో రెండు వర్గాలూ సమానంగా ఉన్న ఉపసమూహంలో కూడా అదే తేడా నిలిచిందా, స్కాన్ ఎన్ని నిమిషాలు సాగింది, కళ్లు తెరిచి ఉంచమన్నారా మూసుకోమన్నారా, సగటు సంకేతాన్ని తీసేస్తే ఒకలా, తీయకపోతే మరోలా వచ్చిందా అన్నది రాసి పంపు. ఆ నాలుగు జవాబులూ అందాక వాళ్ల పటాల గురించి తీరిగ్గా కొట్లాడుకుందాం.

నీ
రాఘవ