పొడుగుగాడికి, గాడోలినియం గోల

ఒరేయ్ పొడుగూ,

జవాబు బాకీ పడ్డానని తెలుసు. తిట్లన్నీ ఒక్కసారే తిట్టేసి, ఆ తర్వాత చదువు. ఇక్కడంతా మామూలే. ఫెలోషిప్ డబ్బులు ఎప్పట్లాగే ఆలస్యం, హాస్టల్లో గది మారాను, మా పేపర్ వెనక్కొచ్చింది (దాని సంగతి కింద చెప్తా), అక్క నిన్ను అడిగానని చెప్పమంది. వార్తలు సమాప్తం. అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపుబ్బిపోయేలా ఉంది.

కిందటేడు నీ తలనొప్పికి ఎమ్మారై తీశారు కదా. ఆ గొట్టంలో పడుకోబెట్టి, సగంలో బయటికి లాగి, చేతికి సూది గుచ్చి ఏదో మందెక్కించి మళ్ళీ లోపలికి తోశారన్నావు. "తలలో ఏమీ లేదని తేలింది" అని నువ్వంటే, ఆ మాట లెక్కల మాస్టారు తొమ్మిదో క్లాసులోనే తేల్చారుగా అన్నాను. ఆ మందు తర్వాత ఎటు పోయిందో ఎప్పుడైనా ఆలోచించావా? నాకు దొరికిందిరా. నదిలో!

మేం నది నీళ్ళలో రేర్ ఎర్త్ లోహాలు కొలుస్తున్నాం. లాంథనం నుంచి లుటేషియం దాకా ప్రకృతిలో దొరికేవి 14. ఎంతెంత ఉన్నాయో వరసగా గీస్తే గీత రంపప్పళ్ళలా వస్తుంది. సరిసంఖ్య మూలకాలు పక్కనున్న బేసి వాటికంటే ఎక్కువుంటాయి మరి. అందుకని ఒక్కోదాన్నీ షేల్ రాయిలో అది ఉండే పాళ్ళతో భాగిస్తాం, గీత నున్నగా అయిపోతుంది. సీరియం ఒక్కటి అప్పుడప్పుడు కిందికి జారుతుంది గానీ దాని కారణాలు దానికున్నాయి.

మురుగునీటి శుద్ధి ప్లాంటుకి ఎగువన పట్టిన నీళ్ళలో అంతా బుద్ధిగానే ఉంది. దిగువన పట్టిన వాటిలో 64వ మూలకం గాడోలినియం ఒక్కటే నిటారుగా లేచి నిలబడింది. ఇటు యూరోపియం, అటు టెర్బియం కిక్కురుమనలేదు. మా గైడు చూసి, "సీసాలు సరిగ్గా కడిగారా?" అన్నారు. యాసిడ్‌తో మళ్ళీ కడిగాం. ఉత్త నీళ్ళతో బ్లాంక్ నడిపాం. శుభ్రం. నది నీళ్ళు పెడితే మళ్ళీ లేచింది. నీ గురించి నా దగ్గర విని ఉన్న పక్క బెంచీ అమ్మాయి దానికి "పొడుగు" అని పేరు పెట్టేసింది. ఇప్పుడు ల్యాబంతా "ఇవాళ పొడుగు ఎంతున్నాడు?" అనే అడుగుతోంది.

ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళు రోజూ పట్టడం మొదలెట్టాక ఇంకో వింత. వారం మధ్యలో ఎక్కువ, సెలవు రోజులొస్తే తగ్గుదల. రాళ్ళకీ మట్టికీ ఆదివారం సెలవుంటుందట్రా?

మా దగ్గర మెడిసిన్, ఇంజినీరింగ్, ఫిజిక్స్ వాళ్ళతో కలిపి ఒక మీటింగ్ జరుగుతూంటుంది. మామూలుగా ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకునే మీటింగ్. నేను గ్రాఫ్ తెరమీద వెయ్యగానే రేడియాలజీ డాక్టరు గారు ఫక్కున నవ్వి, "బాబూ, అది మాదే, ఎమ్మారైకి ఎక్కించే మందులోది. సెలవు రోజుల్లో మేం స్కాన్లు తక్కువ తీస్తాం" అన్నారు. మా గైడు ముసిముసి నవ్వులు. జర్మనీ నదుల్లో ఇదే సంగతిని బావ్, డుల్స్కీ అనే ఇద్దరు 1996లోనే బయటపెట్టారు, ఆ పేపర్ ఈయన సొరుగులోనే ఉందట! అన్నీ తెలిసి మా చేత సీసాలు కడిగించారు. కోపమొచ్చింది, కానీ ముందే చెప్పేసి ఉంటే ఆ సరదా మాకు దక్కేది కాదు కదా... సరే, వదిలెయ్.

అక్కణ్ణించి ఫిజిక్స్ ఆయన అందుకున్నారు. గాడోలినియం అయానులో జతపడని ఎలక్ట్రాన్లు 7 ఉంటాయి, అంచేత అదొక గట్టి బుల్లి అయస్కాంతం. దాని పక్కకి వచ్చిన నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు తొందరగా సర్దుకుంటాయి, బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. విడిగా అయితే అది విషం. సైజులో కాల్షియం అయానుకి దగ్గర కాబట్టి ఒంట్లో దాని పనుల్లో దూరిపోతుంది. అందుకే ఒక పెద్ద అణువు మధ్యలో బిగించి ఎక్కిస్తారు. ఇప్పుడు విను, ఇక్కడే ఉంది తమాషా. ఆ బిగింపు ఎంత గట్టిదంటే కిడ్నీలు దాన్ని ఉన్నదున్నట్టే ఒక్కరోజులో చాలావరకు బయటికి పంపేస్తాయి. ప్లాంటులో బాక్టీరియా దాన్ని విప్పలేవు, బురదకీ అంటుకోదు, తిన్నగా నదిలోకే. రోగిని కాపాడిన గుణమే దాన్ని నదిదాకా చేరుస్తోంది! 70 కిలోల మనిషికి మామూలు డోసులో గ్రాము పైచిలుకు గాడోలినియం ఉంటుంది. నీ పొడుక్కి ఇంకాస్త వేసుకో. అంటే నా గ్రాఫ్‌లో నీ వాటా కూడా... ఛీ, రాయను, నువ్వే ఊహించుకో.

తర్వాత గొడవే గొడవ. స్కాన్ అయిన రోజు రోగి మూత్రాన్ని సంచీలో పట్టిద్దాం, మురుగులో కలిశాక తియ్యడం బోలెడు ఖర్చు అంది ఒక ఇంజినీరింగ్ అమ్మాయి. "గడ్డ ఉందేమోనని వణికిపోతూ వచ్చిన మనిషి చేతిలో సంచీ పెట్టమంటావా?" అన్నారు డాక్టరు గారు. గది చల్లబడిపోయింది. నాకూ నవ్వు పోయింది, ఎందుకంటే నీ రిపోర్టు వచ్చేదాకా మీ అమ్మగారు ఎలా ఉన్నారో నేను చూశాను. సగం డోసుతో పనిచేసే గాడోపిక్లెనాల్ అనే మందుకి 2022లో అమెరికాలో అనుమతొచ్చింది, అటు చూద్దాం అన్నారు ఫిజిక్స్ ఆయన. నదిలో ఉన్నది లీటరుకి నానోగ్రాముల లెక్కే, భయపడేంత లేదు. అయినా నా ఓటు సంచీకే. ఇచ్చే పద్ధతిలో ఇస్తే ఎవరూ నొచ్చుకోరు. నువ్వైతే పట్టుకెళ్ళేవాడివా? నిజం రాయి.

ఆఁ, మా పేపర్. ఎమ్మారైకి పునాది వేసిన లాటర్‌బర్ పేపర్‌ని కూడా పత్రిక వాళ్ళు మొదట తిప్పికొట్టారట. నీళ్ళు నింపిన రెండు సన్నటి గొట్టాల బొమ్మ, అంతే. 1973లో అచ్చయింది, 2003లో నోబెల్. ఈ ముక్క పట్టుకుని మా గైడుని ఓదార్చబోతే, "ఆయన పేపర్‌లో అచ్చుతప్పులు లేవులే" అన్నారు.

ఇంకా ఆ ఇంజినీరింగ్ అమ్మాయి గురించి చెప్పాలి, అంటే నువ్వనుకునేది కాదు, ఆవిడ లెక్క వేసిన తీరు... అరే, మెషిన్ దగ్గర నా వంతొచ్చిందని పిలుస్తున్నారు, ఇప్పుడు పోకపోతే పక్క ల్యాబ్ వాళ్ళు లాగేసుకుంటారు. మిగతాది

నీ,
మూడో బెంచీ