అయోవా నుంచి గిర్నీగాడికి

ఒరేయ్ గిర్నీ,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకో, ఏమీ అనుకోను. ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లకు బడి మొదలైంది, నాకు ఆఫీసులో ఎప్పటి టెన్షనే. అమ్మ మోకాలు తగ్గిందా? సరే, అసలు సంగతి చెప్పనీ, లేకపోతే పొట్ట పగిలేలా ఉంది.

లేబర్ డే సెలవుల్లో మౌంట్ ప్లెజెంట్ అనే ఊరెళ్ళాం. పాత నూర్పిడి యంత్రాల జాతర, 1950 నుంచి జరుగుతోంది. ఆవిరి ఇంజన్లు చూస్తూ పోతుంటే ఒక మూల మీ నాన్న గిర్ని! అదే బెల్టు, అదే చప్పుడు. పిండి బదులు మక్కలు, అంతే తేడా.

కంకులు ఒలిచే పాత మిషను అది, శాండ్‌విచ్‌లో తయారైంది. నవ్వకు, ఇల్లినాయిలో నిజంగానే ఆ పేరుతో ఊరుంది. మిషనుకు సొంత ఇంజను లేదు. దూరంగా ఎదురుగా ఉన్న జాన్ డీర్ డి ట్రాక్టరే బెల్టుతో దాన్ని తిప్పుతుంది. 1923లో వచ్చి 1953 దాకా నడిచిన మోడలు. రెండే సిలిండర్లు. టక్-టక్ అని కాస్త ఆగి మళ్ళీ టక్-టక్. కుడిపక్కన క్రాంకు (ఇంజను తిప్పే ఇరుసు) కొసకే బెల్టు తొడిగే పుల్లీ, క్లచ్చు కూడా అందులోనే.

ట్రాక్టరును వరసలో నిలబెట్టడమే పెద్ద విద్యరా. పెద్దాయనొకడు ఒంటికన్నుతో పుల్లీ అంచుల మీదుగా చూస్తూ ముందుకూ వెనక్కూ జరిపించాడు. బెల్టు తగిలించాక మెల్లగా వెనక్కి పోనిచ్చి బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టాడు.

ఇప్పుడు విను. బెల్టును ఎనిమిది అంకెలా మెలేస్తే మధ్యలో రాసుకుని తెగుతుందని పందెం కాశావు కదా? ఓడావు! మెలెయ్యకపోతే ఆ మిషను వెనక్కి తిరుగుతుందట. పైగా మెలితో బెల్టు పుల్లీని ఎక్కువ చుట్టుకుని పట్టు దొరుకుతుంది, అంతగా కొట్టుకోదు కూడా. నాకు తిక్క పుట్టించింది ఇంకోటి. పుల్లీకి అంచు గోడల్లేవు, అయినా బెల్టు జారదు! మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, బెల్టు దానంతటదే ఆ ఉబ్బు మీదికి పాకుతుంది. మీ నాన్న పుల్లీ కూడా అంతేనా?

వేగం లెక్క నోటికే చేశాను. ఇటు 12 అంగుళాల పుల్లీ నిమిషానికి 900 సార్లు తిరిగితే, అటు 36 అంగుళాలది 300. ఈ లెక్కకే కదా సున్నా సారు మనిద్దరినీ... వద్దులే, ఈ ఉత్తరం మా ఆవిడ చదువుతుంది.

చివరికి నన్నూ కంకులు వెయ్యమన్నాడు! చొక్కా చేతులు పైకి మడిపించి, బెల్టుకు సూటిగా నిలబడొద్దని మరీ మరీ చెప్పాడు. కంకి నోట్లో పెట్టగానే పళ్ళ చక్రం లాగేసుకుంటుంది. స్ప్రింగు ఇవతలి నుంచి నొక్కుతుంది. గింజలు కిందికి, ఉత్త బెండు పక్కకి. అమ్మమ్మ వాకిట్లో వేళ్ళు బొబ్బలెక్కేదాకా ఒలిచింది గుర్తొచ్చి ఎందుకో గొంతు పట్టేసింది. ఆమె చూసి ఉంటే... పోనీలే.

ఇక్కడా ఒకప్పుడు కంకుల్నే చెక్క గాదెల్లో ఆరబెట్టి తర్వాత ఒలిచేవాళ్ళు. కోత, నూర్పిడి కలిపి చేసే కంబైను మిషనుకు 1954లో మొక్కజొన్న హెడ్డు (కంకులు కోసే ముందు భాగం) వచ్చాక పొలంలోనే గింజ రాలడం మొదలై, గాదెలూ ఈ మిషన్లూ మూలపడ్డాయి.

అన్నట్టు, బెల్టు జారకుండా పూసే మందు గురించి కూడా అడిగాను, మీకు పనికొస్తుంది. దాన్ని ఎలా పుయ్యాలంటే... అయ్యో, పిల్ల బస్సు వచ్చేసింది. ఆ పుల్లీ చూసి వెంటనే రాయి.

నీ,
మక్కల దొంగ