మా దగ్గర పాత సోలార్ ప్యానెళ్ళు కట్టించుకున్న వాళ్ళకి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాక, కరెంటు లేక ఇబ్బంది పడి కోనసీమ నుంచి చాలామంది మా షాపుకి వచ్చారు. ఒకరి దగ్గర చేపల చెరువు గట్టు మీద లైటు వెలిగించిన 40 వాట్ల ప్యానెల్, ఇంకొకరి దగ్గర చుట్టాలిచ్చిన 100 వాట్లది. ఉన్నవే కలిపి ఇంట్లో బ్యాటరీ నింపేలా చూడమన్నారు. కలిపాను. కొన్ని ఇళ్ళలో నేను కలిపిన పద్ధతి తప్పు.

మొన్న అంబాజీపేట వైపు నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. "ఎండ దంచేస్తోంది బాబూ, రాత్రి తొమ్మిదికల్లా ఫ్యాను ఆగిపోతోంది. ఏంటంటావ్?" బ్యాటరీ పాతది కదండీ అనేశాను. చూడకుండా ఆ మాట అనకూడదు. వెళ్ళి బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెడితే 1.160 చూపించింది. నిండిన ట్యూబులర్ బ్యాటరీ అయితే 1.240 అయినా ఉండాలి. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి వైరుకి క్లాంప్ మీటరు పెట్టాను. 2.1 ఆంపియర్లు, అంతే.

అక్కడ 100, 75, 40 వాట్ల ప్యానెళ్ళు మూడూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కట్టింది నేనే. 100 వాట్లది 5.5 ఆంపియర్లు ఇస్తుంది, 75ది 4.2, 40ది 2.2. సిరీస్‌లో వోల్టులు కలుస్తాయి కానీ ఆంపియర్లు అన్నిటికన్నా చిన్నదాని దగ్గరే ఆగిపోతాయి. కాలవ నిండా నీళ్ళున్నా బోదెలోకి వచ్చేది తూము పట్టినంతే కదా. 215 వాట్లు పెట్టుకుని 120 కూడా రావట్లేదు. కరెంటుకి పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్ దాటించినా ఆ చిన్న ప్యానెల్ మొత్తం దండగే. పైగా మధ్యాహ్నం మూడు గంటలకల్లా కొబ్బరి మట్టల నీడ.

డాబా నుంచి బ్యాటరీకి 18 మీటర్ల వైరు పడింది. సిరీస్ అయితే సన్న వైరు సరిపోతుంది, ఆయనకి ఖర్చు తగ్గుతుందనుకున్నాను. కానీ నెలల తరబడి సగం నిండిన బ్యాటరీనే వాడుతుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ నష్టం పూర్తిగా వెనక్కి రాదు. ఇది నన్ను చాలా బాధపెట్టింది.

మూడూ 18 వోల్టులవే కాబట్టి ఆంపియర్లు కలిసేలా పక్కపక్కన, అంటే ప్యారలల్ చేసి, ఒక్కోదానికీ ఫ్యూజు పెట్టి, 6 స్క్వేర్ ఎంఎం వైరు లాగాను. మర్నాడు మధ్యాహ్నం పది ఆంపియర్లు దాటింది. వారానికి 1.220కి వచ్చింది. ఇంకా కనిపెట్టి చూస్తున్నాను.

ఇంటి మీద పెట్టే పెద్ద 30 వోల్టుల ప్యానెల్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. దాన్ని 18 వోల్టులదానితో ప్యారలల్ చేస్తే పెద్దదాని వోల్టులు కిందికి దిగిపోయి సగం దగ్గరే నడుస్తుంది. దానికి విడిగా కంట్రోలర్ (బ్యాటరీ నింపడాన్ని అదుపు చేసే పెట్టె) పెట్టాలి. రెండు కంట్రోలర్లూ ఒకే బ్యాటరీని నింపుకోవచ్చు, ఇబ్బంది లేదు.

ఇలా సిరీస్‌లో కట్టిన ఇళ్ళు నా పుస్తకంలో ఇంకా పది ఉన్నాయి. వైరు, ఫ్యూజులు, కూలీ అన్నీ నావే. వరసగా ఆదివారాలు వస్తాను. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ళకి ముందు వస్తాను, ఉప్పు గాలికి కనెక్టర్లు చిలుము పట్టి ఉంటాయని నా అనుమానం. ఈలోగా ప్యానెల్ వెనక స్టిక్కర్ ఫోటో తీసి పంపండి, వాట్లు కాదు, వీఎంపీ, ఐఎంపీ (ప్యానెల్ పూర్తిగా పనిచేసేటప్పటి వోల్టులు, ఆంపియర్లు) అంకెలు కనపడాలి. జాయింట్లు మాత్రం మీరు విప్పకండి. ఎండ ఉన్నంతసేపూ వాటిలో కరెంటు ఉంటుంది.