ఓరుగల్లు చూసే వరుస మారాలి

అయ్యా,

ఒక్కరోజులో ఓరుగల్లు చూడాలని వచ్చేవాళ్లు చాలామంది వేయిస్తంభాల గుడి, ఖిలా (ఓరుగల్లు కోట) ముగించి మధ్యాహ్నం దాటాక రామప్ప గుడికి బయలుదేరుతున్నారు. తిప్పలంతా అక్కడే. ఆ గుడి ఉన్న పాలంపేట హనుమకొండ నుంచి 65 కిలోమీటర్ల పైమాటే. పొద్దుగూకేవేళ చేరితే గర్భగుడి ముందరి స్తంభాల మీది సన్నని చెక్కుడు కంటికి ఆనదు. అందుకే పొద్దున్నే ముందు అక్కడికే పోవాలి. 1213 నాటి ఆ గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి; చూరు కింద ఏటవాలుగా నిలిపిన మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, మాత్రం నల్లరాయి. అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, తలెత్తి వెతకాలి.

తిరిగొచ్చేసరికి ఎండ ముదురుతుంది. 1163 నాటి వేయిస్తంభాల గుడి ఆవరణలో చెప్పుల్లేకుండా నడవాలి, బండలు చురుక్కుమంటాయి. మేజోళ్లు వెంట ఉంటే హాయి. భద్రకాళి గుడి మధ్యాహ్నం మూస్తారు, సాయంత్రానికి ఉంచుకోవడమే నయం.

ఖిలాకు నాలుగు దాటాక వెళ్తే నాలుగు కీర్తి తోరణాలూ తీరిగ్గా తిరగొచ్చు. మధ్యలో పడి ఉన్న శిల్పాలెక్కి ఫొటోలు దిగడమే బాధ.

కాజీపేట స్టేషన్ బయట ఈ వరుస, దూరాలు, గుడులు మూసే వేళలు తెలుగులో రాసిన బోర్డు ఒకటి పెట్టాలని పర్యాటక అధికారులను కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, హనుమకొండ