కీళ్ల నొప్పుల పొట్లాలపై నిఘా ఏదీ?

సంపాదకులకు,

అయ్యా,

నిరుడు వినాయక చవితి వెళ్లిన వారానికే మా ఊళ్లో ఇంటికొకరు చొప్పున జ్వరంతో మంచం పట్టారు. వీధుల్లో పొగ పెట్టారు, కాలువల్లో బ్లీచింగ్ చల్లారు, నెల తిరిగేసరికి జ్వరాలు సద్దుమణిగాయి, వాటితోపాటు పత్రికల్లో వార్తలూ ఆగిపోయాయి. కీళ్ల నొప్పులు మాత్రం ఆగలేదు. వాటికి మా ఉద్దానం పల్లెల్లో జరుగుతున్న వైద్యం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

మా అక్కకు 56 ఏళ్లు. పలాస వైపు జీడిపప్పుకు పొట్టు తీసే పనికి వెళుతుంది. ఆమెకు వచ్చింది చికున్‌గున్యా అని రక్తపరీక్షలో తేలింది. జ్వరం ఐదు రోజుల్లో తగ్గింది గానీ, ఎనిమిది నెలలు గడిచినా పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకొని తాగుతుంది. నీళ్ల బకెట్టును మోచేతి వంపున తగిలించుకొని తెస్తుంది. "జొరమైతే ఒగ్గీసింది గానీ నొప్పులు ఒగ్గనేదు" అంటుంది. ఈ జబ్బును మొదట గుర్తించింది 1952లో, నేటి టాంజానియాలో. అక్కడి మకొండే భాషలో ఆ పేరుకు అర్థమే వంగిపోవడం. 2006లో దేశంలో సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదైనప్పుడు ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. నడివయసు దాటినవారిలో, అందునా స్త్రీలలో, వైరస్ రక్తంలోంచి పోయిన తరువాత కూడా కీళ్ల వాపు నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుందన్నది వైద్యులకు కొత్త విషయం కాదు. అయినా ఆసుపత్రికి వెళితే "వైరల్ నొప్పులు, అవే తగ్గుతాయి" అన్న మాటతో పంపేస్తున్నారు.

అలా వెనక్కి వచ్చినవారికి దొరుకుతున్నది పొట్లం. మా అక్క ఒక మందుల దుకాణంలో తెచ్చుకున్న పొట్లాన్ని నేను విప్పి చూశాను. పేరు కనబడకుండా కత్తిరించిన మూడు మాత్రలు, కాగితం మీద పొద్దున, రాత్రి అని రెండు గీతలు, అంతే. మింగిన గంటకు హాయిగా ఉంటుందట, ఉండదా మరి! నాలుగు నెలలకు ముఖం ఉబ్బి, ఎన్నడూ లేని చక్కెర కనబడింది. జిల్లా కేంద్రంలో చూపిస్తే, ఆ మాత్రల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటుందని, అది ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనని చెప్పి, మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు.

స్టెరాయిడ్ సంగతి అలా ఉంచితే, ఇలాంటి పొట్లాల్లో ఎక్కువగా కలిసేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు. ఇవి మూత్రపిండాలకు రక్త ప్రసారాన్ని తగ్గిస్తాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుకు ఎందరు బలయ్యారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ జబ్బు కోసమే 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆసుపత్రి కట్టిన నేల మీదే ఎవరి కిడ్నీ ఏ స్థితిలో ఉందో చూడకుండా నెలల తరబడి ఈ మాత్రలు చేతిలో పెట్టడాన్ని ఏమనాలో నాకు మాట తోచడం లేదు. కిడ్నీ పనితీరును చూపే రక్తపరీక్షలో మా అక్కకు క్రియాటినిన్ ఉండవలసిన దానికన్నా ఎక్కువగా, 1.4 వచ్చింది. అది మాత్రల వల్లనా, ఈ నేల వల్లనా అన్నది తేలలేదు.

జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం పెద్దది కాదు. జ్వరాల సర్వేకు ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తల చేత, జ్వరం వచ్చినవారిని మూడు నెలల తరువాత మరొకసారి కీళ్ల గురించి అడిగించాలి. నొప్పి తగ్గనివారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొక రోజు కేటాయించి, నొప్పి మాత్ర రాసే ముందు క్రియాటినిన్ చూడాలి. చేతి వేళ్లకు చేయవలసిన వ్యాయామాలు నేర్పాలి. వేడినీళ్ల కాపడంతోపాటు అవే మా అక్కకు మాత్రలకన్నా మెరుగ్గా పనిచేశాయి. వాపు మొండికేసినవారిని కీళ్ల వైద్య నిపుణుల దగ్గరకు పంపాలి. డాక్టరు చీటీ లేకుండా పొట్లాలు కట్టే దుకాణాలను ఔషధ తనిఖీ అధికారులు ఒక్కసారైనా చూసి రావాలి.

మా అక్క ఇప్పుడు ఒంటిపూట పనికి వెళుతోంది. మిగిలిన రెండు పొట్లాలు నా దగ్గరే ఉన్నాయి. పరీక్ష చేయిస్తామని అధికారులు ఎవరైనా అంటే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా.