జవాబు చెప్పకుండా ఆగడం గురించి అక్కకు

ప్రియమైన అక్కా,

ప్రభువు పేరట నీకూ బావగారికీ పిల్లలకూ వందనాలు. మేమంతా బాగానే ఉన్నాం. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. అది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్న క్లాసుల ప్రార్థన, బైబిలు పీరియడ్ నీకు అప్పగించారన్నావు. పాటలు నేర్పుతున్నావు, వాక్యాలు అప్పజెప్పించుకుంటున్నావు, పిల్లలు చక్కగా చెబుతున్నారు. అయినా "లోపల ఏమైనా జరుగుతోందో లేదో తెలియట్లేదు, మీ బడిలో ఎలా చేస్తారు?" అన్నావు. నేను టీచింగ్ అసిస్టెంట్‌ని మాత్రమే కదా, క్లాసు నడిపేది టీచరే. కానీ వెనక కూర్చున్నవాళ్లకు పిల్లల ముఖాలు బాగా కనిపిస్తాయి. చూసింది చూసినట్టు రాస్తాను.

ముందు మా బడి సంగతి. ఇది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రైమరీ స్కూలు. 1811లో నేషనల్ సొసైటీ అనే సంఘం పేద పిల్లల కోసం ఊరూరా బడులు పెట్టడం మొదలుపెట్టింది. దేశంలో ప్రభుత్వ బడులు రావడానికి చాలా ముందు మాట అది. ఇప్పుడు ఇలాంటి బడుల్లో సుమారు 10 లక్షల మంది పిల్లలు చదువుతున్నారు. ఇవి చర్చి బడులే అయినా ఖర్చు చాలావరకు ప్రభుత్వానిదే, ఫీజు ఉండదు. దాంతో చుట్టుపక్కల పిల్లలు ఎవరైనా వస్తారు. మా క్లాసులో ముస్లిం పిల్లలున్నారు, హిందూ పిల్లలున్నారు, ఏ దేవుడి పేరూ ఇంట్లో వినని పిల్లలైతే ఇంకా ఎక్కువమంది. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు కొద్దిమందే.

కాబట్టి ఇక్కడి టీచరుకు "మనందరం విశ్వాసులం" అని మొదలుపెట్టే వీలు లేదు. అదే సమయంలో బడి తన విశ్వాసాన్ని దాచుకోదు కూడా. రోజూ పిల్లలందరూ కలిసి ఆరాధనలో కూర్చోవాలని 1944 చట్టం నుంచీ ఉంది. వద్దనుకున్న తల్లిదండ్రులు తమ పిల్లల్ని దాని నుంచి మినహాయించమని అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. వచ్చిన కొత్తలో ఇదంతా నాకు చప్పగా అనిపించింది. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. బలవంతం లేని చోట పిల్లలు నోరు విప్పి మాట్లాడతారు.

ఆరాధన పావుగంట, ఇరవై నిమిషాలు. ఒక పిల్లో పిల్లాడో ముందుకు వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తారు (దగ్గర పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉంటారులే, కంగారుపడకు). "ప్రభువు మీకు తోడై ఉండును గాక" అని ముందున్నవాళ్లు అంటే పిల్లలు బదులిస్తారు. ఒక కథ, ఒక పాట, కాసేపు మౌనం. ప్రార్థనకు ముందు మా హెడ్ టీచర్ రోజూ ఒకే మాట చెబుతుంది: "నేనిప్పుడు ప్రార్థన చేస్తాను. ఇది మీ ప్రార్థన కూడా కావాలనుకుంటే చివర ఆమెన్ అనండి. లేదంటే మీ మనసులో మీరు ఆలోచించుకోండి." ఆ మాట విన్నాక వచ్చే ఆమెన్ ఎంత చిన్నగా వినిపించినా నాకు దాని మీద గౌరవం. అలవాటుగా హోరెత్తే ఆమెన్‌లు నువ్వూ నేనూ చాలా విన్నాం కదా.

అసలు నీకు చెప్పాలనుకున్నది గాడ్లీ ప్లే గురించి. పిల్లలకు బైబిలు కథలు చెప్పడానికి జెరోమ్ బెరిమన్ అనే అమెరికా పాదిరిగారు తయారుచేసిన పద్ధతి ఇది. ఆయనకు దారి చూపింది రోములో సోఫియా కవల్లెట్టి అనే బైబిలు పండితురాలు. ఆవిడ 1954లో కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టింది, మాంటిస్సోరి పద్ధతిలో. పిల్లలు చేత్తో పట్టుకుని, కదిపి చూసే వస్తువులతోనే దేవుని కథ చెప్పడం దాని పునాది.

పిల్లలు గుండ్రంగా నేలమీద కూర్చుంటారు. గుమ్మం దగ్గర ఒకరు నిలబడి, లోపలికి వచ్చే ఒక్కొక్కరినీ "సిద్ధంగా ఉన్నావా?" అని అడిగి పంపుతారు. మా క్లాసులో ఆ పని నాది. ఉపమానాలన్నీ బంగారు రంగు వేసిన పెట్టెల్లో ఉంటాయి. మంచి కాపరి కథ (తప్పిపోయిన ఒక్క గొర్రెను వెతుక్కుంటూ కాపరి వెళ్లే కథ) అయితే పెట్టెలోంచి మొదట ఆకుపచ్చ గుడ్డ వస్తుంది, పచ్చిక. నీళ్లకు నీలం ముక్క, చీకటి లోయకు నల్లటి ముక్కలు, దొడ్డికి గోధుమ రంగు పట్టీలు. తర్వాత చెక్క గొర్రెలు, కాపరి. చెప్పే టీచరు పిల్లల వైపు చూడదు, తన చేతుల వైపే చూస్తుంది. అందుకని పిల్లల కళ్లు కూడా టీచరు ముఖం మీద కాకుండా కథ మీదే ఉంటాయి. ఇది చిన్న విషయంలా ఉంది కానీ చాలా తేడా తెస్తుంది. టీచరు ముఖం చూసి జవాబు పసిగట్టడం పిల్లలకు మహా బాగా వచ్చు.

కథ అయ్యాక నీతి చెప్పరు. "ఈ గొర్రెలకు పేర్లున్నాయేమో... ఈ దొడ్డిలో వీటికి సంతోషంగా ఉందేమో... ఈ చోటు నిజంగా ఎక్కడ ఉందో..." అని పైకి అనుకుంటున్నట్టు అని, ఆగుతారు. ఎవరేం చెప్పినా "భలే చెప్పావ్" అనరు, "తప్పు" అనరు.

రెండో ఏడాది క్లాసులో, అంటే ఆరేడేళ్ల పిల్లలు, ఈ కథ చెప్పిన రోజు జరిగింది రాస్తాను. దొడ్డిలో సంతోషంగా ఉన్నాయేమో అనగానే ఒక బాబు "లేవు" అన్నాడు. "ఆయన ఆ ఒక్కదాని కోసం వెళ్లిపోయాడు. వీటి దగ్గర ఎవరున్నారు?" వాడి చెల్లి అప్పటికి చాలా వారాలుగా ఆసుపత్రిలో ఉంది, వాళ్లమ్మ రాత్రీ పగలూ అక్కడే. ఆ సంగతి గదిలో పెద్దవాళ్లిద్దరికీ తెలుసు. తప్పిపోయిన గొర్రె దొరికింది, కాపరి సంతోషించాడు అని చిన్నప్పటి నుంచి విన్నాం కానీ, దొడ్డిలో మిగిలినవాటి గురించి ఆ మాట నేనెప్పుడూ వినలేదక్కా. నా నోటిదాకా వచ్చింది, "కాపరి వాటినీ మరిచిపోడు నాన్నా" అని. టీచరు మాత్రం గొర్రెల వైపే చూస్తూ "వీటి దగ్గర ఎవరున్నారో..." అని వాడి ప్రశ్ననే మళ్లీ అని ఊరుకుంది.

తర్వాత పిల్లలు బొమ్మలు గీసుకోవచ్చు, మట్టితో చేసుకోవచ్చు, కథ వస్తువులు తీసుకుని ఆడుకోవచ్చు. వాడు ఆ పెట్టె అడిగి తీసుకున్నాడు. తప్పిపోయిన గొర్రె దగ్గరికీ దొడ్డి దగ్గరికీ కాపరిని నడిపిస్తూనే ఉన్నాడు, గంట కొట్టేదాకా. ఎక్కడా ఆపలేదు. నేను చెప్పబోయిన మాట తప్పేం కాదు, దేవుని వాక్యంలో ఉన్నదే. కానీ నేను ఆ క్షణంలో చెప్పి ఉంటే వాడు తలూపి ఆ పెట్టె అడగకుండా వెళ్లిపోయేవాడు.

సమూయేలు కథలో ఏలీ చేసింది కూడా ఇదే కదా. రాత్రి దేవుడు పిలిచింది పిల్లాడైన సమూయేలుని, వాడేమో ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. ఏలీ ముసలివాడు, యాజకుడు, అన్నీ తెలిసినవాడు, అయినా "నేను చెబుతా విను" అనలేదు. వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే వింటున్నానని చెప్పు అని పంపాడు. అంతకుముందు పిల్లాడు పరుగెత్తుకొచ్చినప్పుడల్లా ఏలీకే ఏమీ అర్థం కాలేదన్నది కూడా నాకు ధైర్యమిచ్చే సంగతి.

ఇక్కడ నాటింగ్‌హామ్‌లో డేవిడ్ హే, రెబెకా నై అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో ఆరేళ్ల, పదేళ్ల పిల్లలతో తీరిగ్గా మాట్లాడి చూశారు. వాళ్లు తేల్చింది ఏమిటంటే, ఆధ్యాత్మికత పిల్లల్లో మనం పోసేది కాదు, ముందే ఉంటుంది. తనతో తనకు, ఎదుటివాళ్లతో, ఈ లోకంతో, దేవుడితో ఉన్న సంబంధం ఒక్కసారిగా తట్టడమే అది. మతం మాటలు రాని పిల్లల్లోనూ వాళ్లకది కనిపించింది. మా క్లాసులో చూశాక నేను నమ్ముతాను. గూడులోంచి పడి చచ్చిపోయిన పిట్టను ఆటల టైములో పూడ్చిన పిల్లల్లో సగం మందికి ప్రభువు ప్రార్థన కూడా రాదు. అయినా అందరూ వరసలో నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే.

అంతా బాగుందని అనుకోకు. కొన్ని బడుల్లో కిటికీ, అద్దం, తలుపు అని ఒక పద్ధతి వాడతారు. కిటికీలోంచి లోకాన్ని చూసి ఆశ్చర్యపోవాలి, అద్దంలో నన్ను నేను చూసుకోవాలి, తలుపు తీసి బయటికెళ్లి ఏదైనా చేయాలి. ఆలోచన మంచిదే. కానీ దాన్ని వర్క్‌షీట్ చేసి, "మీ అద్దం గురించి మూడు వాక్యాలు రాయుము" అంటే ఏం మిగులుతుంది? అలాగే ప్రతి గదిలోనూ ప్రార్థన మూల ఒకటి ఉంటుంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట అందులో బ్యాటరీ కొవ్వొత్తి మీద దుమ్ము. తనిఖీ అన్న కబురు వస్తే తుడిచేవాళ్లు. ఇంకొకటి, గోల ఎక్కువైతే "కళ్లు మూసుకోండి, ప్రార్థన చేద్దాం" అనడం. ఇది అక్కడా ఇక్కడా ఒకటే! పిల్లల నోరు మూయించడానికి ప్రార్థనను వాడితే, ప్రార్థన అంటే శిక్ష అనుకుంటారు.

తనిఖీ అన్నాను కదా. 1992 చట్టం వచ్చాక బడులను చూసే ప్రభుత్వ అధికారులు పిల్లల ఆధ్యాత్మిక వికాసాన్ని కూడా చూడాలి. చర్చి బడులకు అదికాక వేరే తనిఖీ ఉంటుంది. ఎంతమంది విశ్వాసులయ్యారని అందులో లెక్కపెట్టరు. ఆరాధన వల్ల పిల్లలూ, పెద్దలూ ఆధ్యాత్మికంగా ఎదుగుతున్నారా అని అడుగుతారు. పెద్దలు కూడా! టీచరు లోపల ఎండిపోయి ఉంటే ఎన్ని పద్ధతులు పెట్టినా పిల్లలకు తెలిసిపోతుంది. నీ సొంత ప్రార్థనకు టైము దొరకట్లేదన్నావు చూడు, నాకైతే ముందు సరిచేయాల్సింది అదే అనిపిస్తోంది. చెల్లెలు సుద్దులు చెబుతోందనుకోకు.

వాక్యాలు కంఠతా పట్టించడం మాత్రం మానకు. ఇక్కడ అది దాదాపు లేదు, ఆ లోటు నాకు బాగా తెలుస్తోంది. పిల్లలు ఎంతో లోతుగా అడుగుతారు, కానీ భయం వేసిన రాత్రి పట్టుకోవడానికి నోట్లో ఒక్క మాట ఉండదు. మనకు 23వ కీర్తన అర్థం తెలియకముందే నోటికొచ్చింది, అర్థం తర్వాత తనంతట తానే వచ్చింది. కాబట్టి అప్పజెప్పించు, కానీ మార్కులు, బహుమతులు తీసెయ్. అప్పజెప్పడం అయిన వెంటనే వివరించకుండా కాసేపు ఊరుకో.

మీ క్లాసులో పిల్లలు ఎక్కువమంది కాబట్టి అందరితో గుండ్రంగా కూర్చోవడం కుదరదు. వారంలో ఒక రోజు పదిమందితో చేసి చూడు, మిగతావాళ్లకు బొమ్మలు గీసే పని ఇవ్వు. పెట్టె కొనక్కర్లేదు, ఏ అట్టపెట్టెకైనా రంగు వేస్తే చాలు. గుడ్డ మాత్రం మందంగా ఉండాలి, పలచనిదైతే గొర్రెలు నిలబడవు. గొర్రెలు అయిదు చాలు, అరచేతిలో పట్టేంత. బావగారికి చెక్క పని వచ్చు కదా, ఆయన్ని అడుగు. కాపరికి ముఖం చెక్కొద్దని చెప్పు, ఇక్కడ మేము వాడే బొమ్మకు కళ్లూ నోరూ ఉండవు. కొలతలు కావాలంటే మెసేజ్ పెట్టు, శనివారం కొలిచి పంపిస్తాను.

అమ్మకు నా ముద్దులు. మోకాలి నొప్పికి డాక్టరు ఏమన్నారో తప్పకుండా రాయి.

నీ చెల్లి